మొదటి పేజీలో మొదటి పేరు

జనవరి 20, 2025, సోమవారం

నంబర్ వన్ వచ్చింది!

పొద్దున ఆఫీసుకు రాగానే పాత వెతుకులాటలు గుర్తుంచుకోని ఇన్‌కాగ్నిటో విండో తెరిచి గూగుల్లో "గల్ఫ్ జాబ్స్ జగిత్యాల" అని కొట్టాను. మా క్లయింటు వజ్రతేజ ఓవర్సీస్, గల్ఫ్‌కు మనుషులను పంపే ఏజెన్సీ. మొదటి పేజీ, మొదటి పేరు. రిఫ్రెష్ చేశాను. అదే. పూజను తన ఫోన్లో చూడమన్నాను. అదే. నాలుగు నెలల కింద ఈ సైటు ఆరో పేజీలో ఉండేది. ఆరో పేజీ దాకా వెళ్లే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఏం చేశానో రాసి పెట్టుకోవాలి, మర్చిపోతాను. మండలానికొక పేజీ పెట్టాను. కథలాపూర్‌కి ఒకటి, మేడిపల్లికి ఒకటి, ఇబ్రహీంపట్నానికి ఒకటి. టైటిళ్లన్నీ మార్చాను. ఫొటోల సైజు తగ్గించి సైటు తొందరగా తెరుచుకునేలా చేశాను. గూగుల్ మ్యాపులో పిన్ పెట్టాను. పిన్ దగ్గరే కొంచెం ఇబ్బంది అయింది. ఓనరు తిరుపతి అనే ఆయన ఉండేది సిరిసిల్లలో. జగిత్యాలలో ఆయనకు ఆఫీసే లేదు. ఇక్కడి అడ్రసు లేకపోతే ఇక్కడి వాళ్లకు గూగుల్ పైన చూపించదు. మన అడ్రసే ఇచ్చెయ్ అన్నాడు రాజేందర్ సార్. ఇచ్చేశాను.

జగిత్యాల టవర్ దగ్గర మొబైల్ షాపు మీద రెండు గదుల వెబ్‌సైట్ల ఆఫీసు మాది. సార్, నేను, డిజైన్లు చేసే పూజ, అంతే. సార్ ఈ రోజు బిర్యానీ తెప్పించాడు. హైదరాబాద్ కంపెనీలు కూడా మా సంగీత ముందు పనికిరావన్నాడు. కోరుట్ల దాకా బస్సులో నిలబడే వచ్చాను. కాళ్ల నొప్పి తెలియలేదు.

ఇంతకీ నీ పనేంది బిడ్డా అని బాపు అడిగాడు. బాపు తాళ్లెక్కి కల్లు గీసే మనిషి, ఆయనకు సెర్చ్ ఇంజన్ అంటే ఏం చెప్తాను. దుకాణం ముందు నిలబడి రండి రండి అని జనాన్ని పిలిచే పని అన్నాను. "మరి దుకాణంల సరుకు మంచిదేనా?" అన్నాడు.

అది చూసే పని నాది కాదన్నాను.

జనవరి 23, గురువారం

ఈ రోజు పద్నాలుగు మంది మగవాళ్లనయ్యాను. సార్ దగ్గరున్న పాత జీమెయిల్ ఐడీలతో వజ్రతేజకు పద్నాలుగు రివ్యూలు రాశాను, అన్నీ ఐదు స్టార్లే. బాగా కుదిరింది మేడిపల్లి యాదగిరిది. దుబాయిలో ఏసీ రూము, మంచి భోజనం, వజ్రతేజ వాళ్లు సొంత అన్నల్లా చూసుకున్నారు.

దుబాయి నేను ఫొటోల్లో తప్ప చూడలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం, మధ్యాహ్నం 3 గంటలు

ఒకామె వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి లోపలికి వచ్చింది. చేతిలో ఫోను, ఫోన్లో మ్యాపు. మ్యాపులో నేను పెట్టిన పిన్.

వజ్రతేజ ఆఫీసు ఇదేనా అంది. కాదన్నాను. ఫోను నా ముఖం ముందు పెట్టింది. "గూగుల్ల గీడనే సూపెడ్తున్నది. నేను ఇబ్రహీంపట్నం నుంచి అచ్చిన. ఇది కాదంటే మరి యాడున్నది?"

పేరు రాజమణి. భర్త గంగారాం ఫిబ్రవరి ఒకటిన వెళ్లాడు. కంపెనీలో పని, కంపెనీ వీసా అని చెప్పారట. దిగాక తెలిసింది, అది చుట్టపుచూపుగా వెళ్లే విజిట్ వీసా. కంపెనీ లేదు. షార్జాలో ఒక గదిలో పదకొండు మందిని కూర్చోబెట్టి, వస్తామని వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. తిరుపతి ఫోను స్విచాఫ్. నెల దాటితే వీసా అయిపోతుంది. బయటికి వస్తే పోలీసులు పట్టుకుంటారని గంగారాం కిటికీ కూడా తెరవడం లేదట.

రాజేందర్ సార్ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. పూజ మంచినీళ్లు ఇచ్చింది. నేను ఆమెతో మేము కేవలం సైటు చేసిన వాళ్లమని చెప్పాలి. చెప్పలేదు. నంబరు తీసుకున్నాను, కనుక్కుంటానన్నాను.

ఆమె మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూశాను. కింద నిలబడి ఒకసారి బోర్డు వైపు, ఒకసారి ఫోను వైపు చూసుకుంది. మళ్లీ బోర్డు వైపు చూసింది.

ఫిబ్రవరి 19, బుధవారం

సార్‌తో మాట్లాడాను. బోర్డు రాసే పెయింటరు లోపల హోటల్లో ఏం వండుతున్నారో చూస్తాడా అన్నాడు. లైసెన్సు ఉందేమో అడుగుదామన్నాను. అడిగితే క్లయింటు పోతాడన్నాడు. నేనే వెతికాను. విదేశాలకు మనుషులను పంపడానికి లైసెన్సున్న ఏజెంట్ల జాబితా కేంద్ర ప్రభుత్వం సైటులో ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు. వజ్రతేజ అందులో లేదు.

వెతకడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నెలలు పనిచేశాను, ఆ నాలుగు నిమిషాలు పెట్టలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

సిరిసిల్ల వెళ్లాం, రాజమణి అక్కా నేనూ. కోరుట్లలో బస్సెక్కి కథలాపూర్ మీదుగా. ఇన్వాయిసు మీద తిరుపతి అసలు అడ్రసు ఉంటే రాసుకొచ్చాను. సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు వచ్చే సందులో మేడ మీద గది. తలుపు తెరిచే ఉంది. నన్ను చూసి మేడం రండి రండి అన్నాడు. చాయ్ తెప్పించాడు. తెల్ల చొక్కా, మెత్తని మాట. గోడ అవతల మగ్గాలు ఆడుతుంటే ఆయన మాట వినడానికి ముందుకు వంగి కూర్చోవలసి వచ్చింది. అలా వంగి కూర్చున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అక్కడ చిన్న సమస్య అన్నాడు, సర్దుకుంటుందన్నాడు. వారం అన్నాడు. ఏ వారం అని రాజమణి అక్క అడిగింది. గొంతు లేచింది. అప్పుడతను నవ్వుతూనే నా వైపు చెయ్యి చూపించాడు.

"నేనేమన్న మీ ఇంటికచ్చి గుంజుకపోయిన్నా అక్కా? ఆయన గూగుల్ల సూశి అచ్చిండు. గా గూగుల్ల నన్ను మొదాల పెట్టింది ఎవలో గీ మేడంనే అడుగు."

అక్క నా వైపు తిరిగింది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. అవునన్నాను.

వచ్చేటప్పుడు బస్సులో ఆమె ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. వేములవాడ దాటింది. రుద్రంగి దాటింది. కథలాపూర్‌లో మనుషులు దిగి సీట్లు ఖాళీ అయ్యాక లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పైకి లేపింది నువ్వే గద చెల్లె. ఇగ కిందికి గుంజుడు గూడ నీకే తెలుస్తది."

అంతే అంది.

ఫిబ్రవరి 24, సోమవారం, ఉదయం 10 గంటలు

మ్యాపులో వజ్రతేజ ప్రొఫైల్ తెరిచాను. శాశ్వతంగా మూసివేయబడింది అన్న ఆప్షన్ నొక్కాను. నేను రాసిన పద్నాలుగు రివ్యూలు ఒక్కొక్కటి తీసేశాను. యాదగిరిది చివర తీశాను.

తర్వాత లోపలికి వెళ్లి సార్‌కు చెప్పాను, ఏం చేశానో, రేపటి నుంచి రానని. మొదట నవ్వాడు. తర్వాత కుర్చీలోంచి లేచాడు. నా చేతిలో ఇంకో ఉద్యోగం ఉందా అన్నాడు. లేదన్నాను. ఈ జగిత్యాలలో ఇంకెవడిస్తాడో చూస్తానన్నాడు.

చూడండి సార్ అన్నాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

పిన్ మళ్లీ తెరుచుకుంది. సార్ పాస్‌వర్డులు మార్చాడని పూజ మెసేజ్ పెట్టింది. సైటు ఇంకా నంబర్ వన్‌లోనే ఉంది. నా పని అంత గట్టిది. దాన్ని పడగొట్టాలంటే నాకంటే గట్టిగా పనిచేసేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు ఈ చుట్టుపక్కల నాకు తెలిసి ఒక్కరే, అదీ నేనే.

మార్చి 6, గురువారం

సొంత సైటు పెట్టడానికి డొమైన్ కొన్నాను. కోరుట్లలో పసుపు వ్యాపారం చేసే రాధిక గారి సైటు ఇంటి దగ్గర నుంచే చేసిపెడుతున్నాను. మిగిలిన టైమంతా వజ్రతేజను కిందికి దింపే నా సైటుకే.

పోయిన వారం ఒక పేజీ రాశాను. లైసెన్సు ఎలా చూడాలి, విజిట్ వీసాకూ పని వీసాకూ తేడా ఏమిటి, వజ్రతేజ జాబితాలో లేదు. మంచి భాషలో, శుభ్రంగా. వారమైనా ఎక్కడా కనిపించలేదు. ఎనిమిదో పేజీలో వెతికితే దొరికింది.

మార్చి 12, బుధవారం

ఈ రోజు ఒకటి తెలుసుకున్నాను. అరిచి చెప్పాలనుంది, ఎవరికి చెప్తాను.

రాజమణి అక్కకు ఫోన్ చేసి అడిగాను, గంగారాం అన్న గూగుల్లో ఏమని కొట్టాడని. ఆయనకు టైపు చేయడం రాదంది. మైకు గుర్తు నొక్కి మాట్లాడతాడట. ఏమని మాట్లాడాడో గుర్తుందా అన్నాను. గుర్తుంది, పక్కనే ఉన్నాను అంది. "దుబాయి పంపెటోళ్లు జగిత్యాలల ఎవలున్నరు, అన్నడు."

బాపు చేతికి నా ఫోనిచ్చి, నువ్వు దుబాయి వెళ్లాలనుకో, దీన్ని ఎలా అడుగుతావన్నాను. బాపు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఎదుటి చెట్టు మీదున్న మనిషిని పిలిచినట్టు గట్టిగా అడిగాడు. "దుబాయి పనికి పోవుడెట్ల? మంచి ఏజెంటు ఎవలు?"

అన్నది అన్నట్టే స్క్రీన్ మీద పడింది. పంపెటోళ్లు. పోవుడెట్ల. ఎవలు. ఈ మాటలతో ఒక్క పేజీ లేదు. ఒక్కటి కూడా! వజ్రతేజ పైకి వస్తున్నది వేరే పేజీ లేక మాత్రమే. మేమంతా పుస్తకాల తెలుగులో రాస్తాం, లేకపోతే ఇంగ్లీషులో. అడిగేవాళ్లు ఇంట్లో మాట్లాడినట్టు అడుగుతారు. రాజేందర్ సార్ ఎప్పుడూ అనేవాడు, మన యాసలో ఎవడు వెతుకుతాడని.

అందరూ దాంట్లోనే వెతుకుతున్నారు సార్.

మార్చి 16, ఆదివారం

ఇబ్రహీంపట్నం వెళ్లాను. రాజమణి అక్క చెప్తుంటే రికార్డు చేసుకుని, వచ్చి రాశాను. ఒక్క మాట దిద్దలేదు. టైటిలు: దుబాయి పంపెటోళ్లు మంచోళ్లేనా? లోపల మొదటి వాక్యం ఆమెదే. "మా ఇంటాయన షార్జాల గొర్లమంద లెక్క ఒక్క రూముల పదకొండు మందితోని పడి ఉన్నడు, ఆ జాగ పేరు తెల్వది, కింద నీలం షటరున్న రొట్టెల దుకాణం ఉన్నదట." వజ్రతేజ సైటులో నేను రాసిన అబద్ధాలను కూడా అలాగే ఎత్తి పెట్టి, ఒక్కోదాని కింద నిజం రాశాను.

ఏప్రిల్ 3, గురువారం

గూగుల్లో ఆ పేజీ ఇప్పుడు నలభై ఒకటో స్థానంలో. నిన్న యాభై ఎనిమిది.

ఏప్రిల్ 11, శుక్రవారం

తిరుపతి బాపుకు ఫోన్ చేశాడు. నంబరు ఎవరిచ్చారో ఊహించగలను. పెద్దమనిషీ, మీ బిడ్డ ఇంటర్నెట్‌లో నా పేరు ఖరాబు చేస్తున్నది, ఆడపిల్ల, రేపు ఆమె పేరే ఖరాబైతది, జర చెప్పుకో అన్నాడట. నేను పక్కనే ఉన్నాను. బాపు అంతా విన్నాడు. స్పీకర్లో పెట్టడం ఆయనకు రాదు, నాకు అటువైపు మాట వినిపించలేదు, ఇటువైపుది వినిపించింది.

"నా బిడ్డ రాసిందాంట్ల అబద్ధమేడున్నదో చెప్పు. గదొక్కటి చెప్పు. నేనే తీయమంట."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"చెప్పవా? మరి ఫోన్ పెట్టు."

ఇంత కాలం నా పని ఏమిటో ఆయనకు ఎలా చెప్పాలా అనుకున్నాను. నాకంటే ముందే తెలుసుకున్నట్టున్నాడు.

ఏప్రిల్ 29, మంగళవారం

పదిహేడు!

మే 9, శుక్రవారం, ఉదయం 8 గంటలు

సైటు లేదు.

తెల్ల స్క్రీన్. సైటుకు చోటిచ్చే హోస్టింగ్ వాళ్ల మెయిల్ ఉంది. మీ పేజీలో దొంగిలించిన మ్యాటర్ ఉందని ఫిర్యాదు వచ్చింది, అందుకే ఆపేశాం. ఫిర్యాదు చేసింది వజ్రతేజ. దొంగిలించానన్న వాక్యాల లిస్టు పెట్టారు. చదివాను. "మీ కలలకు రెక్కలు, మీ కుటుంబానికి వెలుగు." నేను రాసిందే. ఆ రోజు ఆఫీసులో మిర్చిబజ్జీ తింటూ రాశాను. నేను రాసిన అబద్ధాలను నేను దొంగిలించానట.

చాలాసేపు నవ్వాను. తర్వాత ఏడ్చాను. సైటు ఆగిన ప్రతి రోజూ ర్యాంకు పడిపోతుంది.

మే 10, శనివారం

వాళ్ల వాక్యాలన్నీ తీసేశాను. వాటి చోట ఇంకా నలుగురు ఆడవాళ్లు చెప్పినవి పెట్టాను. ఇద్దరు మేడిపల్లి వాళ్లు, ఒకామె కథలాపూర్, ఒకామె సిరిసిల్ల. ఆమె భర్త సాంచాలు నడిపేవాడు, ఆ గదిలో గంగారాం పక్కనే పడుకుంటాడట. నలుగురినీ రాజమణి అక్కే వెతికి పట్టింది. ఊళ్లు తిరిగింది, బస్సుల్లో, ఎండలో. నా లింకులు గూగుల్లో ఉంటే, ఆమె లింకులు మనుషుల్లో ఉన్నాయి.

ఈ పేజీలో ఇప్పుడు నా వాక్యం ఒక్కటీ లేదు. ఇది దొంగ సరుకని వాళ్లు ఇప్పుడు అననీ, చూద్దాం.

మే 15, గురువారం

సైటు వచ్చింది. ఇరవై తొమ్మిదో స్థానంలో. మంచిది, మళ్లీ ఎక్కుతాను. ఎక్కే మనిషి బిడ్డనే కదా.

జూన్ 2, సోమవారం

షార్జా నుంచి మెసేజ్. లస్మయ్య అని, కథలాపూర్ ఆయన, పదేళ్లుగా అక్కడ డ్రైవరు. దుబాయికి మనుషులను పిలిపించుకోవడం ఎట్లా అని ఫోన్‌ను అడిగితే మా పేజీ వచ్చిందట. నీలం షటరు, రొట్టెల దుకాణం అని చదివి, ఆ దుకాణం నాకు తెలుసు, నేను అక్కడే రొట్టెలు కొంటాను అన్నాడు. సాయంత్రం డ్యూటీ దిగి వెళ్లాడు. తలుపు కొట్టాడు. మొదట తీయలేదట. బయటి నుంచి మన మాటలో పిలిస్తే తీశారట.

పదకొండు మందిలో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. గంగారాం ఉన్నాడు.

రాజమణి అక్కకు ఫోన్ చేసి చెప్పాను. షటరు నీలందేనా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నీలందే అన్నాను.

జూన్ 11, బుధవారం

అక్కడి మన తెలంగాణ కార్మికుల సంఘం వాళ్లు మా పేజీని వాళ్ల సైటులో పెట్టారు. ఆ తొమ్మిది మందిని ఎంబసీకి తీసుకువెళ్లే పని కూడా వాళ్లే చూస్తున్నారు. అలాంటి సైటు నుంచి ఒక్క లింకు వచ్చిందంటే నేను చేసే వంద పనులతో సమానం. ఇప్పుడు మా స్థానం తొమ్మిది. మొదటి పేజీలోకి వచ్చాం.

జూన్ 29, ఆదివారం

గంగారాం వచ్చాడు. నేను ఇబ్రహీంపట్నం వెళ్లాను. వెళ్లకుండా ఉండాలని కూడా అనుకున్నాను.

సన్నగా ఉన్నాడు. చొక్కా వేరేవాళ్లదిలా ఉంది. మంచం మీద కూర్చుని నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. అక్క అన్నం పెట్టింది. తింటూ ఆయన అన్ని సంగతులూ చెప్పాడు. గదిలో పప్పు ఎలా పంచుకున్నారో, ఎవరు పాటలు పాడేవాళ్లో. తర్వాత అడిగాడు.

"మేడం, నేను పోయేటందుకు బుగులు పడ్డ. మేడిపల్లి యాదగిరి అనెటాయన రాశిండు, మంచిగున్నదని. గా రాసింది సదివిపిచ్చుకున్నంకనే పోయిన. అచ్చినంక మేడిపల్లిల అడిగిన. గసొంటోడు ఎవలు లేరన్నరు. ఎవలాయన?"

రాజమణి అక్కకు సైటు సంగతి తెలుసు. రివ్యూల సంగతి తెలియదు. చెప్పకుండా లేచి రావచ్చు. ఆ రివ్యూ ఇప్పుడు ఎక్కడా లేదు, నేనే తీసేశాను, ఎవరూ పట్టుకోలేరు.

నేనే అన్నాను. యాదగిరిని నేనే. ఇంకా పదమూడు మంది కూడా నేనే.

అక్క చేతిలో గరిటె అలాగే ఉంది. గంగారాం కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు. బయట ఎవరిదో ట్రాక్టరు పోయింది. ఆయన నన్ను ఇంట్లోంచి పొమ్మంటే పోవడానికి సిద్ధంగా ఉన్నాను. పొమ్మనలేదు. పోనీలే అని కూడా అనలేదు. అన్నం తినడం పూర్తి చేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"లేనోని పేరు మీద గంత మంచిగ రాస్తివి. ఇగ ఉన్నోని పేరు మీద రాయి. గంగారాం, ఇబ్రహీంపట్నం. ఫోటో గూడ పెట్టు. నేను మొకం దాసుకోను."

ఫొటో తీశాను. అక్క దువ్వెన తెచ్చింది, ఆయన వద్దన్నాడు. వచ్చినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉండనిమ్మన్నాడు. రాజమణి అక్క నన్ను గడప దాకా సాగనంపింది. నా బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడింది.

జులై 14, సోమవారం

మూడు.

జులై 21, సోమవారం, ఉదయం 7 గంటలు

మైకు నొక్కి బాపుతోనే అడిగించాను. దుబాయి పంపెటోళ్లు జగిత్యాలల ఎవలున్నరు?

మొదటి పేజీ, మొదటి పేరు. మాది. గంగారాం ముఖం.

ఇంగ్లీషులో కొట్టినా మాదే. వజ్రతేజ నాలుగోది. నొక్కి చూశాను, తెరుచుకోలేదు. సిరిసిల్లలో గదికి తాళం ఉందని, షార్జా నుంచి తిరిగొచ్చి తిరుపతి మీద కేసు పెట్టిన తొమ్మిది మందిలో ఒకాయన చెప్పాడు. పేరు మార్చుకుని మళ్లీ వస్తాడని పూజ అంటోంది. పూజ కూడా ఆ ఆఫీసు మానేసింది. తిరుపతి రానీ. ఏ పేరుతో వచ్చినా ఆ పేరు మీద ఒక పేజీ రాస్తాను. పేర్లు వాడికి అయిపోవాలి, పేజీలు నాకు అయిపోవు.

రాజేందర్ సార్ ఫోన్ చేశాడు. మళ్లీ రా, జీతం మాట్లాడుకుందాం, ఈ యాస కీవర్డుల ఐడియా మన ఆఫీసులోదే కదా అన్నాడు. కాదు సార్, ఇబ్రహీంపట్నంది అన్నాను.

ఆగస్టు 9, శనివారం

పేజీలో పెట్టిన నా నంబరుకు పదకొండు ఫోన్లు. పదకొండు మందీ అడిగింది ఒకటే: మేడం, దుబాయి ఎప్పుడు పంపుతరు? గూగుల్ల మొదాల మీ పేరే అచ్చింది.

పేజీ చదవలేదా అన్నాను. చదువు రాదన్నాడు పదకొండో ఆయన. నేనే చదివాను, మొత్తం, ఫోన్లోనే. పన్నెండు నిమిషాలు పట్టింది. ఊ కొడుతూ విన్నాడు. అయిపోయాక అడిగాడు, "అయితే మీరు పంపరా?"

పంపను అన్నాను. పాస్‌పోర్టు ఎవరికైనా ఇచ్చావా అన్నాను.

ఇయ్యలే, అంగి జేబులనే ఉన్నదన్నాడు.